విరేచనాలన్నింటికీ యాంటీబయాటికేనా?

పిల్లాడికి రెండుసార్లు నీళ్ల విరేచనాలు కాగానే మందుల షాపుకెళ్లి 'మోషన్స్ ఆగే బిళ్ల' అడిగి తెచ్చి వేయడం మా చంద్రగిరిలో చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఆ బిళ్ల చాలాసార్లు యాంటీబయాటికే. ఈ అలవాటు మానుకోవాల్సిందే.

ఎందుకంటే విరేచనాలకు కారణం ఒక్క సూక్ష్మజీవి కాదు. కోల్‌కతా సహా ఆసియా, ఆఫ్రికాల్లోని 7 కేంద్రాల్లో ఐదేళ్లలోపు పిల్లలపై చేసిన పెద్ద అధ్యయనం 2013లో వెలువడింది. అందులో ప్రధాన కారణాలుగా తేలినవి నాలుగు: రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, ఒక రకం ఈ.కొలి, షిగెల్లా. మొదటి రెండింటిపై మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయవు. మలంలో రక్తం పడినా, కలరా అనుమానం ఉన్నా అవి అవసరమవుతాయి. ఆ సంగతి డాక్టరే తేల్చాలి.

ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ఒంట్లో నీరు తగ్గిపోవడం. అందుకే మొదటి మందు ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్‌ను లీటరు మంచినీటిలో మొత్తంగా కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు జింక్ ఇవ్వాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట ప్రారంభించిన 4 రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఆ చుక్కలు తప్పించొద్దు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు దాచుకునే బదులు రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.