ప్లాటు: ఒక మాట, పలు అర్థాలు

ఒకే శబ్దానికి అనేక అర్థాలు ఉండటం భాషకు సహజ లక్షణం. అమరసింహుడు తన కోశంలో అటువంటి శబ్దాల కోసం నానార్థవర్గాన్నే ప్రత్యేకంగా కూర్చాడు. ‘కరము’ అంటే చేయి, కిరణం, ఏనుగు తొండం, పన్ను. అచ్చతెలుగు మాట ‘పాలు’ క్షీరాన్నీ తెలుపుతుంది, వాటానూ తెలుపుతుంది. ఆంగ్లమూ ఇందుకు మినహాయింపు కాదు. ‘రన్’ అనే చిన్న క్రియాపదానికి ఆరు వందలకు పైగా అర్థచ్ఛాయలు ఉన్నాయని ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులు లెక్క తేల్చారు. ఇన్ని అర్థాలు గల ఒక భాషలోని మాట మరొక భాషలోకి వలస వచ్చినప్పుడు తన మూటలన్నీ వెంట తెచ్చుకొంటుందా? ఒక్క మూటతోనే గడప దాటుతుందా? వచ్చిన తరువాత ఆ ఇంటిలోని మాటలతో ఎట్లా మసలుకొంటుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి ‘ప్లాటు’ అనే మాట మంచి ఉదాహరణ.

రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలంలో చిన్న మంగళారం అనే గ్రామం ఉన్నది. హైదరాబాదుకు పడమటగా మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతాలలోని పల్లెలు నగరానికి కూరగాయలనూ పూలనూ పండించి పంపిన పల్లెలు. నగరం విస్తరిస్తున్న కొద్దీ ఈ ప్రాంతంలో తెలుగువారి నోట తరచుగా వినిపించే ఆంగ్లపదం ‘ప్లాటు’. బడికి పోని వృద్ధులకూ ఈ మాట తెలుసు. అయితే వారికి తెలిసినది దాని అనేక అర్థాలలో ఒక్కటి మాత్రమే.

ఆంగ్లంలో ఈ పదానికి మొదటి అర్థం చిన్న నేలముక్క. నేలముక్కను కొలిచి గీసిన పటానికి ఆ పేరు వచ్చింది. పటం నుండి పథకం, పథకం నుండి రహస్య పథకం, అనగా కుట్ర అనే అర్థాలు పుట్టాయి. 1605లో లండనులో పార్లమెంటు భవనాన్ని మందుగుండుతో పేల్చివేయాలని పన్నిన కుట్రను ఆంగ్లేయుల చరిత్ర ఈ పదంతోనే పేర్కొంటుంది. కథలో సంఘటనల కూర్పుకు కూడా ఇదే పేరు. గురజాడ అప్పారావు 1910లో వ్రాసిన ‘దిద్దుబాటు’ కథలో గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరడం, భార్య కమలిని వ్రాసి ఉంచిన ఉత్తరం కనబడటం, చివరకు ఆమె మంచం క్రిందనే ఉన్నట్లు తేలడం అనే వరుస ఆ కథకు ‘ప్లాట్’. గణితంలో బిందువులను రేఖాపటంపై గుర్తించడం, నావికుడు సముద్రపటంపై తన దారిని గీసుకోవడం కూడా ఈ పదం పరిధిలోనివే. ఈ అర్థాలన్నింటినీ కలిపే దారం ఒక్కటే. ఒక విస్తీర్ణాన్ని హద్దులు గీసి, ముందుగా అనుకొన్న పద్ధతిలో అమర్చడమే ఆ దారం.

తెలుగులోకి వచ్చేటప్పుడు ఈ పదం మిగిలిన అర్థాలను సామాన్య వ్యవహారానికి వెలుపలనే వదలివచ్చింది. కుట్రకు ‘పన్నాగం’, కథకు ‘ఇతివృత్తం’ అనే మాటలు మనకు ముందే ఉన్నాయి. కనుక ఆ అర్థాలలో దాని అవసరం అంతగా కలుగలేదు. నేల అనే అర్థంలో కూడా అది మరింత ఇరుకై, ఇల్లు కట్టుకోవడానికో తిరిగి అమ్ముకోవడానికో హద్దురాళ్ళు పాతిన స్థలంగా స్థిరపడింది. అరువు మాటకు అర్థసంకోచం కలగడం వింత కాదు. ఆలోచించవలసినది దాని వలన మన మాటలకు జరిగిన నష్టం.

తెలంగాణ రైతుకు నేల ఎన్నడూ వట్టి నేల కాదు. వానను నమ్ముకొన్న మెట్టనేల ‘చెలక’. తేమను పట్టి ఉంచే నల్లనేల ‘రేగడి’. ఇసుకపాలు ఎక్కువైనది ‘దుబ్బ’. ఉప్పు పేరి పంటకు పనికిరానిది ‘చౌడు’. నీరు నిలిపి వరి నాటేది ‘మడి’. చెరువు నిండినప్పుడు మునిగే భూమి ‘శిఖం’. ఈ మాటలలో ప్రతి ఒక్కటీ ఒక చిన్న శాస్త్రపాఠం. నేల రంగు, నీటి జాడ, తగిన పంట, రానున్న అపాయం అన్నీ ఆ రెండు మూడు అక్షరాలలో ఇమిడి ఉన్నాయి. ‘ప్లాటు’ అన్న మాటలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. అందులో ఉన్నవి పొడవు, వెడల్పు, ధర మాత్రమే.

మాటతో పాటు కొలత కూడా మారింది. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఆ లెక్కన ఎకరం 4,840 చదరపు గజాలు. రైతు ఎకరాలలోనూ గుంటలలోనూ లెక్కించినది పంట పండే విస్తీర్ణాన్ని. గజాలలో లెక్కించేది గోడలు లేచే విస్తీర్ణాన్ని. నేల అదే అయినా, దానిని చూసే చూపు వేరు.

ఇది కేవలం భాషాభిమానుల బాధ అని కొట్టివేయరాదు. శిఖం భూమిని ‘శిఖం’ అని పిలిచినంత కాలం అక్కడ ఇల్లు కట్టరాదన్న హెచ్చరిక పేరులోనే ఉంటుంది. దానినే ‘ప్లాటు’ అన్నప్పుడు ఆ హెచ్చరిక చెరిగిపోతుంది. కాని నీరు తన దారిని మరచిపోదు. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు హైదరాబాదులో చెరువుల సమీపాన వెలసిన అనేక కాలనీలు జలమయమయ్యాయి.

మొయినాబాదు ప్రాంతానికి ఈ విషయం మరింత వర్తిస్తుంది. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత నగర రక్షణకూ త్రాగునీటికీ నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు ఈ పరిసరాల వాననీరే ఆధారం. వాటి రక్షణ కోసం ప్రభుత్వం 1996 మార్చిలో 111వ నంబరు ఉత్తర్వు ద్వారా 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది. ఆ నిర్ణయం మంచిచెడులపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని ఒక సంగతి స్పష్టం. రాళ్ళు పాతి ‘ప్లాటు’ అని పేరు పెట్టినంత మాత్రాన సాగుభూమి ఇంటి స్థలం కాజాలదు. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చుకొనే విధానానికి 2006లో ప్రత్యేక చట్టమే చేశారు. పేరును చూసి కాక, పత్రాలను చదివి, నేలను చూసి కొనాలన్న వివేకం లేనివారికి ‘ప్లాటు’ తన రెండవ అర్థాన్ని, అనగా పన్నాగాన్ని, ఆలస్యంగా బోధిస్తుంది.

అన్యభాషా పదాలను వెలివేయాలని దీని తాత్పర్యం కాదు. ‘రైతు’ అన్న మాటే అరబ్బీ, పారశీకాల ద్వారా మనకు చేరింది. తెలంగాణ భూమి లెక్కలలో తడినేలను తెలిపే ‘తరి’, మెట్టను తెలిపే ‘ఖుష్కి’ పారశీకం నుండి వచ్చినవే. అవి వచ్చి మన భేదాలను చెరపలేదు. తడి, పొడి అన్న తేడాను లెక్కలలో నిలబెట్టాయి. అరువు మాటను అంచనా వేయడానికి గీటురాయి ఇదే. ఉన్న వివేచనకు మరొక వివేచనను చేర్చే మాట చుట్టం. పది మాటల పనిని తానే చేస్తానని వచ్చి, ఆ పదింటినీ మరపింపజేసే మాట ఇంటిని ఆక్రమించే అతిథి.

విద్యార్థుల కర్తవ్యం ఇక్కడ రెండు విధాలుగా ఉన్నది. మొదటిది, ఆంగ్లపదాన్ని ఒక్క అర్థంతో నేర్చి తృప్తిపడకుండా సందర్భాన్ని బట్టి దాని అర్థాన్ని గ్రహించడం. ప్రకటనలలో పక్కపక్కనే కనిపించే ‘ప్లాటు’, ‘ఫ్లాటు’ అన్న రెండు మాటల మధ్య ఉన్న భేదం ఒక్క అక్షరమే. కాని మొదటిది నేల, రెండవది అంతస్తుల భవనంలోని ఇల్లు. ఆ ఒక్క అక్షరం మీద ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు ఆధారపడి ఉండవచ్చు. రెండవది, తమ ఇంటి పెద్దలు వాడే నేల మాటలను తెలుసుకొని వ్యవహారంలో నిలుపుకోవడం. పొలం అమ్ముడుపోయిన ఇంటిలో కూడా, అది చెలకనో రేగడో చెప్పగల పెద్దలు ఉంటారు. వారిని అడిగి తెలుసుకొన్న మాట నిఘంటువుకు ఎక్కినా ఎక్కకపోయినా, నేలను చదవడానికి పనికివచ్చే అక్షరమాల అదే.

‘అర్థం’ అన్న శబ్దానికే తెలుగులో భావమనీ ధనమనీ రెండర్థాలు ఉన్నాయి. నేలకు ఉన్న ధనమే కనిపించి, భావం మరుగునపడిన నాడు నష్టపోయేది భాష ఒక్కటే కాదు, దాని మీద బ్రతికే మనిషి కూడా.