ఇంటి లెక్కలు: సగము భుజము, పావు చాప

క్రిందటి నెల భిన్నములను గూర్చి ముచ్చటించితిమి. ఇప్పు డొక చాపను జూతము. 4 అడుగుల చదరపు చాప వైశాల్యము 16 చదరపుటడుగులు. 2 అడుగులది 4 మాత్రమే. భుజము సగమైనచో చాప పావగును; 1/2 × 1/2 = 1/4 గదా! అట్టి చాపకు సగము వెల యిచ్చితిమేని రెట్టింపు చెల్లించినవార మగుదుము.

మరి సరిగా సగము, అనగా 8 చదరపుటడుగులు, కావలెనన్న భుజ మెంత? 4, 16 పూర్ణవర్గములు, 8 కాదు. ఆ భుజము 2కును 3కును నడుమ నుండును. ఏ భిన్నమును దానిని సరిగా దెలుపజాలదు. ఐనను చదరపు చేతిరుమాలు కొనలు నాల్గింటిని నడిమికి మడిచి చూడుడు. సగము చదరము కన్పట్టును. దీనిని మీ బాలికలచే జేయింపుడు. లెక్క యెరిగిన పిల్ల బేరమున మోసపోదని మా నమ్మకము.