యజమాని పేరు లేని బీమా

ఉప్పుటేటి చెంతనున్న ఆకివీడు నేల మెత్తని బంకమన్ను. తడిసిన నుబ్బును, ఎండిన బీటలువారును. ఇట్టిచోట క్రొత్తమేడకు పునాది త్రవ్వగా పొరుగువాని గోడ పగులుట వింతగాదు. అప్పుడు బాధ్యుడెవ్వడు? పని కంట్రాక్టరునకు ఒప్పగించితిమి గనుక నష్టమాతడే యిచ్చుకొనునని యజమానులు నిశ్చింతగా నుందురు. ఇది భ్రమ.

ప్రక్కనేల యొసగు నాధారము భూమికి సహజమైన హక్కు. ఇరువదేండ్లు నిరాటంకముగా నిలిచిన కట్టడమునకును అది సిద్ధించునని 1882 నాటి ఈజుమెంట్ల చట్టము చెప్పుచున్నది. 1876లో ఇంగ్లండునందలి బోవర్–పీట్ వ్యాజ్యమున, నష్టమునకు తానే పూచీయని కంట్రాక్టరు ఒప్పుకొనియున్నను, పొరుగువానికి యజమానియే బాధ్యుడని తీర్పయ్యెను. కంట్రాక్టరు రిక్తహస్తుడైనచో ఆ పూచీ నీటిమూటయే గదా!

కావున కంట్రాక్టరు తీసికొను బాధ్యతా బీమాలో యజమానిని గూడ బీమా పొందినవానిగా జేర్పింపవలెను. బీమా కలదని చూపు చీటీ చాలదు. పాలసీకి అనుబంధము వ్రాయింపవలెను. నేల యాధారము సడలుటచే గలుగు నష్టమును ఇట్టి పాలసీలు సాధారణముగా మినహాయించును. ప్రత్యేకముగా గోరి, అదనపు రుసుము చెల్లించిననే చేర్తురు. పరిమితి యెంత, గడువు ఎన్నాళ్లు అనునవియు చదివి చూడవలెను.

ఇదంతయు గునపము నేలను దిగకమునుపే జరుగవలెను. గోడ పగిలినపిమ్మట ఏ కంపెనీయు పేరు చేర్చదు.