దగ్గరి దారి కన్నా గట్టు దారి మేలు

మీలో చాలామంది బడికి సైకిలు మీద వెళుతుంటారు. మీకొక చిన్న లెక్క ఇస్తాను. ఒక ఊరి నుంచి బడికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్ద రోడ్డు మీదుగా 5 కిలోమీటర్లు. రెండోది కాలువ గట్టు మీదుగా 7 కిలోమీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే ఏ దారిన ఎంతసేపు పడుతుంది? మొదటి దారిన 20 నిమిషాలు, రెండో దారిన 28 నిమిషాలు. "అయితే మొదటి దారే మంచిది" అని మీరు ఠక్కున అంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు అనను. ఎందుకు అననో మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రిందట మా బడిలో పదో తరగతి పిల్లలకు ఉదయం పూట ప్రత్యేక తరగతులు పెట్టాం. అయిదు నిమిషాలు ఆలస్యమైనా నేను గుమ్మం బయటే నిలబెట్టేవాణ్ణి. పక్క ఊరి పిల్లలు అంతకు ముందు గట్టు మీదుగా, కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవారు. నా కేకలకు భయపడి పెద్ద రోడ్డు పట్టారు. మిగిలింది ఎనిమిది నిమిషాలు. ఒక మంచు కురిసే తెల్లవారుజామున వెనుకనుంచి వచ్చిన వాహనం ఒక కుర్రవాడి సైకిలును కొట్టేసింది. ప్రాణం దక్కింది కాని కాలు విరిగి, ఆ ఏడు పరీక్షలు రాయలేకపోయాడు. ఆసుపత్రిలో నన్ను చూడగానే వాడు అన్న మాట ఇది: "మాస్టారూ, ఇవాళ నేను లేటు కాలేదండీ, టైముకే బయలుదేరాను." ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. భౌతికశాస్త్రం చెప్పే నేను ఆ పిల్లలకు చెప్పవలసిన అసలు లెక్క చెప్పలేదు. దాన్ని ఇప్పుడు మీకు చెబుతాను.

పెద్ద రోడ్డు మీద లారీ గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. అంటే సెకనుకు 25 మీటర్లు. మీరు అదే దిశలో గంటకు 18 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్నారు. మీ ఇద్దరి సాపేక్ష వేగం సెకనుకు 20 మీటర్లు. మసక వెలుతురులో డ్రైవరు మిమ్మల్ని 40 మీటర్ల దూరంలో చూశాడనుకుందాం. అతనికి దొరికే వ్యవధి రెండే సెకన్లు. కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడేసరికే అందులో ఒక సెకనో, సెకనున్నరో ఖర్చయిపోతుంది. ఇక మిగిలేదెంత?

ఇప్పుడు గట్టు మీదికి రండి. అక్కడ మోటారు సైకిలు వాడు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడు. సాపేక్ష వేగం సెకనుకు 5 మీటర్లే. అదే 40 మీటర్ల దూరానికి అతనికి ఎనిమిది సెకన్లు దొరుకుతాయి. బెల్లు కొట్టుకోవచ్చు, పక్కకు తప్పుకోవచ్చు, పలకరించుకోవచ్చు కూడా! పైగా గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు. వేగం రెండున్నర రెట్లయితే, అదే బరువున్న వాహనం దెబ్బలో ఉండే శక్తి ఆరు రెట్లకు మించుతుంది.

ఇది కేవలం నల్లబల్ల మీద లెక్క కాదు. 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు దాదాపు 2 శాతమే. కాని ఆ మరణాల్లో మూడో వంతుకు పైగా వాటి మీదే జరిగాయి. ఎనిమిది నిమిషాల ఆదా ఎంత ఖరీదైనదో ఆలోచించండి.

"దూరం ఎక్కువైతే కాళ్ళు నొప్పులు పుడతాయి కదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. అయితే సైకిలుకు అసలు శత్రువు దూరం కాదు, ఎత్తు, ఎదురుగాలి. 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఎస్.ఎస్. విల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక లెక్క చూపించాడు. సైకిలు తొక్కే మనిషికి ఒక కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి, నడిచే మనిషికి ఖర్చయ్యే దానిలో అయిదో వంతు మాత్రమే. కాబట్టి చదును దారిలో రెండు కిలోమీటర్లు ఎక్కువ తొక్కడం పెద్ద కష్టం కాదు. మీరూ మీ సైకిలూ కలిసి 65 కిలోల బరువనుకుందాం. చదును నేల మీద మామూలుగా తొక్కితే కిలోమీటరుకు మీరు చేసే పని సుమారు పది, పదకొండు వేల జౌళ్ళు. కాని పది మీటర్ల ఎత్తున్న వంతెన ఒక్కటి ఎక్కితే చాలు, 6,370 జౌళ్ళు అదనంగా ఖర్చవుతాయి. పెద్ద రోడ్ల మీద ఇలాంటి వంతెనలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు.

మరి కాలువ గట్టు? అది ఎందుకు అంత చదునుగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ధవళేశ్వరం దగ్గర గోదావరికి 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ దొర, నీళ్ళు తమంత తామే పొలాలకు పారేటట్లు కాలువలు తీయించాడు. వాలు మరీ ఎక్కువైతే నీరు గట్లను కోసేస్తుంది. తక్కువైతే బురద మేట వేస్తుంది. అందుకని కిలోమీటర్ల పొడవునా కంటికి కనిపించనంత కొద్ది వాలు మాత్రమే ఉంచారు. ఎక్కువ పల్లం వచ్చిన చోట లాకులు కట్టి, అక్కడ నీటిని ఒక్కసారిగా కిందికి దించారు. కనుక లాకుల దగ్గర తప్ప గట్టు మీద మీకు ఎత్తుపల్లాలు తగలవు. ఒకప్పుడు ఈ గట్ల మీదే మనుషులు నడుస్తూ తాళ్ళతో సరుకు పడవలను లాగేవారు. నీటికి ఏ వాలు అనుకూలమో, మనిషి కాళ్ళకూ అదే అనుకూలమైంది. ఇంతకంటే మంచి సైకిలు దారిని ఏ ఇంజనీరు వేయగలడు?

గాలి సంగతి కూడా చూద్దాం. గాలి నిరోధం సాపేక్ష వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు 15 వేగంతో పోతుండగా ఎదురుగాలి కూడా 15 వేగంతో వీస్తే, నిరోధం రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లవుతుంది. గట్టు పొడవునా ఉండే తుమ్మ, కానుగ, నిద్రగన్నేరు, కొబ్బరి చెట్లు ఈ గాలిని కొంత అడ్డుకుంటాయి. నీడ ఇస్తాయి. ఆకుల నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు పరిసరాల వేడిని తీసుకుంటుంది గనుక చల్లదనమూ ఇస్తాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది నిశ్శబ్దం. రద్దీ రోడ్డు పక్కన ధ్వని 80 డెసిబెళ్ళు ఉంటే, ప్రశాంతమైన పల్లె దారిలో 40 ఉండవచ్చు. సగమే అనుకోకండి! ప్రతి 10 డెసిబెళ్ళకూ ధ్వని తీవ్రత పది రెట్లు మారుతుంది. కాబట్టి ఈ రెండింటి మధ్య తేడా పదివేల రెట్లు. ఆ నిశ్శబ్దంలో వెనుక వచ్చే బండి మీకు ముందే వినిపిస్తుంది. అంతేకాదు, కళ్ళు కూడా తెరుచుకుంటాయి. తీగ మీద కూర్చున్న లకుముకి పిట్టను చూడండి. నీటిలోని చేప మనకు కనిపించే చోటుకన్నా లోతుగా ఉంటుందని వక్రీభవనం పాఠంలో చదివారు. లకుముకి ఏ పాఠమూ చదవకుండానే గురి తప్పకుండా దూకుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు నిద్రగన్నేరు ఆకులు ముడుచుకోవడం చూడండి. ఆకు మొదట ఉబ్బెత్తుగా ఉండే చోట కణాల్లోని నీటి పీడనం మారడం వల్ల అలా జరుగుతుంది. పెద్ద రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కేవాడికి ఇవేమీ కనిపించవు. సైన్సు పుస్తకంలో సగం ఈ దారిలోనే ఉంది.

గట్టు దారుల్లాగే అడవి దారులూ ఉన్నాయి. రాజమహేంద్రవరం నుంచి గోకవరం దాటి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వైపు వెళ్ళే దారిలో టేకు, మద్ది, వెదురు నీడలో ఎంతో దూరం పోవచ్చు. అయితే అది సెలవు రోజున, పెద్దలతో కలిసి, పగటి వెలుతురులో చేయవలసిన ప్రయాణం. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు పోయే ఘాట్ రోడ్డు మలుపుల్లో భారీ వాహనాలు కూడా తిరుగుతాయి. కొండ దిగేటప్పుడు ఇంకో లెక్క గుర్తుంచుకోండి. 65 కిలోల బరువు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగితే 63,700 జౌళ్ళ స్థితిజశక్తి మరో రూపంలోకి మారాలి. నెమ్మదిగా దిగారంటే, అందులో ఎక్కువ భాగం బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. అది ఒక గ్లాసు నీళ్ళను మరిగించడానికి సరిపోయే వేడి! కనుక బ్రేకు కట్టలు చూసుకోకుండా కొండదారి పట్టకండి.

నా మాటకు ఎదురు చెప్పేవారున్నారు. వారి మాటలోనూ నిజముంది. "గట్టు దారి ఒంటరిది. దీపాలుండవు. వానాకాలం బురద. పాములు తిరుగుతాయి. ఆడపిల్లల్ని ఎలా పంపమంటారు?" అని ఒక తల్లి నన్ను నిలదీసింది. నేను ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించాను. ఆ దారి ఒంటరిది కావడానికి కారణమేమిటి? అందరం దాన్ని వదిలేయడమే. నలుగురు నడిచే దారికి ఒంటరితనం ఉండదు. ఇద్దరు ముగ్గురు కాక పది మంది జట్టుగా వెళితే భయమూ సగానికి సగం తగ్గుతుంది. గట్టు కోసుకుపోయిన చోట, పొద్దుగూకిన తరువాత మాత్రం ఆ దారి వద్దని నేనూ అంటాను. కాలువలో దిగి ఈతలు కొట్టడం అసలే వద్దు.

ఇక్కడ మీకు రెండు పరదేశపు కథలు చెప్పాలి. నెదర్లాండ్స్ దేశం ఇప్పుడు సైకిళ్ళకు స్వర్గమంటారు. ఎప్పుడూ అలాగే ఉందనుకోకండి. 1971లో అక్కడ మూడు వేలకు పైగా జనం రోడ్ల మీద చనిపోయారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత 1972లో "పిల్లల హత్యను ఆపండి" అని రాశాడు. తల్లిదండ్రులు, పిల్లలు వీధుల్లోకి వచ్చారు. క్రమంగా సైకిళ్ళకు విడిగా దారులు వచ్చాయి. వాళ్ళు అడిగారు గనుక వచ్చాయి.

రెండోది పొరుగునే ఉన్న బెల్జియం దేశపు లింబర్గ్ ప్రాంతం కథ. అక్కడ బొగ్గు గనుల్లో పనిచేసిన హ్యూగో బోలెన్ అనే ఇంజనీరుకు ఒక ఆలోచన వచ్చింది. చిక్కుదారులుండే గనిలో కూడళ్ళకు అంకెలుంటే దారి తప్పరు. అలాగే అడవులు, పొలాల మధ్య ఉన్న చిన్న దారుల కూడళ్ళకూ అంకెలు వేస్తే? 1995లో అక్కడ అలాంటి దారుల వల మొదలైంది. 12 నుంచి 15కు, 15 నుంచి 21కి అని కాగితం మీద రాసుకుని, సైకిలెక్కి పోవడమే! ఉన్న దారులనే కలిపి, కూడళ్ళలో అంకెల బోర్డులు నాటారు. ఆ పద్ధతి తరువాత బెల్జియంలోనూ, నెదర్లాండ్స్‌లోనూ బాగా వ్యాపించింది.

ఈ పని మనం చేయలేమా? గోదావరి జిల్లాల్లో పుంతలున్నాయి, గుంటూరు వైపు డొంకలున్నాయి, తెలంగాణలో చెరువు కట్టలున్నాయి. లేనిది వాటి పటం ఒక్కటే. ఆ పటం మీరే గీయండి. మీ ఊరి నుంచి బడి దాకా ఉన్న చిన్న దారులన్నీ ఒక కాగితం మీద వేయండి. ప్రతి కూడలికీ ఒక అంకె ఇవ్వండి. ఒక్కొక్క చోట పది నిమిషాలు నిలబడి ఎన్ని వాహనాలు పోయాయో లెక్కపెట్టండి. నీడ ఎక్కడుందో, గొయ్యి ఎక్కడుందో, తూము మీద పిట్టగోడ ఎక్కడ కూలిందో గుర్తు పెట్టండి. ఆ పటం ఒక ప్రతి మీ ప్రధానోపాధ్యాయుడికి, ఇంకొకటి పంచాయతీకి ఇవ్వండి. "మాకు కొత్త రోడ్డు వద్దు. ఈ రెండు గోతులు పూడ్చండి. ఈ చెట్లు కొట్టకండి. పెద్ద రోడ్డును దాటే చోట మాకు దారి చూపండి" అని అడగండి. మాటల్లో అడిగితే మరిచిపోతారు. లెక్కలతో అడిగితే మరిచిపోవడం కష్టం. పిల్లలకు సైకిలు కొనిస్తే సరిపోదు. దాన్ని నిర్భయంగా తొక్కడానికి దారి కూడా ఇవ్వాలని పెద్దలకు మీరే గుర్తు చేయాలి.

మా బడిలో ఇప్పుడు ఉదయం తరగతి పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది. నేనే అడిగి మార్పించాను. గట్టు దారికీ పెద్ద రోడ్డుకీ ఉన్న తేడా ఎనిమిది నిమిషాలే. మిగతా ఏడు నిమిషాలు లకుముకి పిట్టను చూడడానికి ఇచ్చాను. కాలు విరిగిన ఆ కుర్రవాడు మరుసటి ఏడు మళ్ళీ బడికి వచ్చాడు, గట్టు మీదుగానే. ఆ రోజు వాడు వచ్చేసరికి పాఠం సగం అయిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబెట్టలేదు.