హైస్కూల్లో ప్రేమా, స్నేహమా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయన్నా అని తమ్ముళ్లు అడిగారు. ఇటువంటి సంచికల్లో పాత విద్యార్థులు "కష్టపడి చదవండి, ఉన్నత లక్ష్యం పెట్టుకోండి" అని రాయడం ఆనవాయితీ. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. ఇప్పుడు నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాను. ఆ మాట చెప్పే హక్కు నాకూ కొంత ఉంది. కానీ స్టడీ అవర్ అయిపోయి లైట్లు ఆర్పేశాక మన గదుల్లో నడిచే ముచ్చట లక్ష్యాల గురించి కాదు గదా! ఎవడు ఎవరికి లైన్ వేస్తున్నాడు, ఏ అమ్మాయి ఎవడివైపు చూసి నవ్వింది, ఇవే. ఈ సంగతి వార్డెన్ సార్లకు తెలుసు, బడిలో సార్లకు తెలుసు. పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే నేను దాని గురించే రాస్తున్నాను.

పెద్దవాళ్లు దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. వయసు ఆకర్షణ అని ఒకరు, సినిమాల ప్రభావం అని ఇంకొకరు. సినిమాల మాట అబద్ధం కాదు. 2000లో వచ్చిన 'చిత్రం', 2008లో వచ్చిన 'కొత్త బంగారు లోకం' టీవీలో వేస్తే మా హాలు నిండిపోయేది. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు మేం తొమ్మిదో తరగతి. సినిమా చూసినవాళ్లు తక్కువ, మీసం కూడా రాకుండానే ఆ నడక నడిచినవాళ్లు ఎక్కువ. అయితే అవే సినిమాలు చూసిన ఊరి పిల్లలకూ మనకూ ఒక తేడా ఉంది. సాయంత్రం వాళ్లు ఇంటికి పోతే అమ్మ ఉంటుంది.

మనలో చాలామందిమి పదేళ్లు కూడా నిండకముందే ట్రంకు పెట్టె పట్టుకుని వచ్చినవాళ్లం. పాలమూరు నుంచి ముంబయి, పుణె పోయే బస్సుల్లో, దేవరకొండ నుంచి హైదరాబాదు పోయే బస్సుల్లో కూలికి పోయేది మన అమ్మానాయినలే. నేను మావాళ్లను దసరాకు చూస్తే మళ్లీ సంక్రాంతికి చూసేవాణ్ని. జ్వరమొస్తే పక్క చాప దోస్తు పళ్లెంలో అన్నం తెచ్చిపెట్టేవాడు. వాడూ పదేళ్లవాడే. అట్లా ఐదారేళ్లు గడిపినవాణ్ని ఒక అమ్మాయి "తిన్నవా?" అని అడిగితే ఏమవుతుంది?

నా దోస్తుకు అదే అయ్యింది.

మా బడిలో హాస్టలోళ్లం వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లం. కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అట్లా అలవాటైంది. హాస్టలోళ్లు అంటే ఏ కులమో అందరికీ తెలుసు, వేరే అడగనక్కర్లేదు. మావాడు అక్క పెండ్లికని వారం రోజులు బడి మానేస్తే, ఊళ్లో నుంచి వచ్చే ఒక అమ్మాయి, వేరే కులం, తన సైన్సు నోట్సు ఇచ్చింది. వాడు ఆమెకు లెక్కలు చెప్పేవాడు. ఇంటర్వల్లో రెండు మాటలు. అంతే. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అది స్నేహం.

నెల తిరిగేలోపు బాత్రూం గోడ మీద బాణం గుర్తుతో ఇద్దరి పేర్లు వెలిశాయి. "ఏందిరా, ఎంతవరకొచ్చింది?" అని రోజూ రాత్రి విచారణ. అడిగినవాళ్లలో నేనే ముందు. ఏమీ లేదురా అంటే నమ్మేవాళ్లం కాదు, పైగా చేతగానివాణ్ని చూసినట్టు చూసేవాళ్లం. అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకుంటే దానికి పెట్టడానికి మా దగ్గర ఒకటే పేరు ఉండేది. చివరికి వాడూ నమ్మాడు, తనది ప్రేమేనని, చెప్పకపోతే మగతనం కాదని. నా చేతిరాత బాగుంటుందని ఉత్తరం నాతో రాయించాడు. లాంగ్ నోట్‌బుక్ నడిమి పేజీ చింపి, సగం సినిమా మాటలు, సగం నా మాటలు కలిపి రాసిచ్చాను. వాడి మాట అందులో ఒక్కటీ లేదు.

ఆ ఉత్తరం సార్లకు దొరికింది. మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందు చదివారు. "మన ఊరు ఇంకో మిర్యాలగూడ కావద్దు" అన్నాడు ఒక సారు. మావాడికి నాలుగు దెబ్బలు పడ్డాయి. వారం రోజులు తల దించుకుని తిరిగాడు, ఆ తర్వాత హాస్టల్లో హీరో అయ్యాడు. నా పేరు బయటికే రాలేదు. ఆమె మాత్రం ఆ రోజు తర్వాత బడికి రాలేదు. మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. ఆమెది, ఫోటో ఉన్నది, ఆఫీసులోనే ఉండిపోయింది. అప్పటికే పెండ్లి చేశారని తర్వాత తెలిసింది. ఉత్తరంలో ఆమె రాసిన అక్షరం ఒక్కటి లేదు. 1098 నంబరు మా బడి గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండేది, మాలో ఒక్కరం ఫోన్ చేయలేదు. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లోనే వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయింది. అందులో ఎన్ని పెండ్లిళ్ల వెనక ఇట్లాంటి ఉత్తరం ఉందో!

ఆ సారు మిర్యాలగూడ పేరు ఎందుకెత్తాడో చిన్న తమ్ముళ్లకు తెలియకపోవచ్చు. 2018 సెప్టెంబరు 14న, వినాయక చవితి తెల్లారి, మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న పెరుమాళ్ల ప్రణయ్‌ను పట్టపగలు నరికి చంపారు. అతను దళితుడు, ఆమెది వైశ్య కుటుంబం. డబ్బిచ్చి చంపించాడని ఆమె తండ్రి మీద పోలీసులు కేసు పెట్టారు. తీర్పు రాకముందే, 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ప్రణయ్‌కు అప్పుడు ఇంచుమించు ఇప్పటి నా వయసు.

వాళ్లిద్దరి పరిచయం బడి రోజుల్లోదే. పెద్దయ్యేదాకా నిలబడి 2018 జనవరిలో పెండ్లి చేసుకున్నారు. కాబట్టి హైస్కూల్ ప్రేమలన్నీ ఉత్త ఆకర్షణే అని నేను అనలేను. ఆ రోజు ప్రేయర్‌లో మా సారు చంపేవాళ్లున్నారు, భయపడండి అని చెప్పాడు. చంపడం తప్పని చెప్పలేదు. అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇంకొక విషయం, భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని రాస్తున్నాను. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని అమ్మాయితో శారీరక సంబంధం పెట్టుకుంటే నేరం. ఆమెకు ఇష్టమే అన్న మాట అక్కడ చెల్లదు. "లేచిపోదాం" అనడం సినిమా హీరోకు తేలిక. కేసయితే లాయరుకు డబ్బులు కట్టే స్తోమత మనలో ఎవరి నాయినకుంది?

అట్లాగని అమ్మాయిలవైపు చూడకండి అని నేను చెప్పను. చెప్పినా వినరు, మేం వినలేదు. సార్లను ఒకటి వేడుకుంటున్నాను. ఉత్తరం దొరికితే ఆ పిల్లవాణ్ని పక్కకు పిలిచి మాట్లాడండి, ప్రేయర్‌లో చదవకండి. ఆ అమ్మాయి పేరు ఆ గది దాటనివ్వకండి. సీనియర్లు రాత్రి విచారణలు మానాలి. మన వార్షికోత్సవానికి అతిథులు చాలామందే వస్తారు, బాలికల హాస్టల్ చెల్లెండ్లను ఎందుకు పిలవం? ఆదివారం ఇంగ్లీషు, లెక్కలు ఇరు హాస్టళ్ల పిల్లలకు కలిపి చెప్పించవచ్చు. ఇద్దరు వార్డెన్లూ ఉండగా, తలుపులు తెరిచిపెట్టే. అట్లా కలిపితే ప్రేమలు పెరుగుతాయంటారు. కొన్ని పెరుగుతాయేమో. కలపకుండానే మా బ్యాచ్‌లో ఏం జరిగిందో పైన రాశాను.

నా సంగతి చెబితే, పీజీలో చేరిన కొత్తలో పక్కన అమ్మాయి పెన్ను అడిగినా చెమటలు పట్టేవి. పెన్నుకు పెన్నే అర్థమని తెలుసుకోవడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఇప్పుడు నాకున్న మంచి దోస్తుల్లో ఇద్దరు అమ్మాయిలు. సెమినార్ పేపర్లు ఒకరివి ఒకరం దిద్దుకుంటాం, ఫీజు కట్టే రోజు ఒకరికొకరం అప్పులిచ్చుకుంటాం. ఇది పదో తరగతిలోనే తెలిసి ఉంటే ఆ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

ఈ వ్యాసం పంపేముందు నా దోస్తుకు ఫోన్ చేశాను. వాడిప్పుడు హైదరాబాదులో ఆటో నడుపుతున్నాడు. పేరు రాయకు అన్నాడు, నాది కాదు, ఆమెది అన్నాడు. రాయలేదన్నాను. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆ సైన్సు నోట్సు ఇంకా ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉందిరా, తిరిగి ఇయ్యనే లేదు అన్నాడు.