ఆమె వెళ్లిపోయినందుకు కాదు

పెండ్లాం వదిలేసి పోయింది, అందుకే ఆడవాళ్లంటే పగ పట్టాడు. మైన రాములు సంగతి ఎత్తితే మన దగ్గర ఎవరైనా చెప్పేది ఇదే. 2021 జనవరి 26న హైదరాబాద్ పోలీసులు అతన్ని పట్టుకున్నామని ప్రకటించినప్పుడు చెప్పిన సంగతులు చాలా ఉన్నాయి. 18 మంది ఆడవాళ్ల హత్యలు, యావజ్జీవ శిక్ష, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నుంచి పరారీ, ఆ తర్వాత మళ్లీ హత్యలు. జనం అవన్నీ వదిలేసి ఈ ఒక్క ముక్కనే పట్టుకున్నారు. కామారెడ్డి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ అదే అంటారు, ఎల్లారెడ్డి కోర్టు ముందు వాయిదాకు వచ్చి చెట్టు కింద కూర్చున్నవాళ్లూ అదే అంటారు. "ఆమె చేసిన పనికే వాడట్ల తయారైండు" అన్న జాలి కూడా వింటాం. ఆ జాలి వింటే నాకు ఒళ్లు మండుతుంది. 18 ప్రాణాలు తీసిన నేరంలో సగం తీసుకెళ్లి, ఏ నేరమూ చేయని ఒక ఆడమనిషి నెత్తిన పెట్టే మాట అది.

పోలీసులు చెప్పిన సంగతులనే వరసగా పెట్టి చూద్దాం. రాములుది సంగారెడ్డి జిల్లా కంది మండలం ఆరుట్ల. 21వ ఏట పెళ్లి చేశారు, కొద్ది రోజులకే భార్య మరొకరితో వెళ్లిపోయింది. 2021లో పట్టుబడేనాటికి అతనికి 45 ఏళ్లు. అంటే పెళ్లి 1997 ప్రాంతంలో జరిగి ఉండాలి. పోలీసుల లెక్కలో హత్యలు మొదలైంది 2003లో. మధ్యలో ఐదారేళ్లున్నాయి. పగే కారణమైతే అన్నేళ్లు ఎక్కడ పడుకుంది?

పగబట్టినవాడు ఎవరిని చంపాడు? ఆడజాతి మీదే కక్ష అయితే హైదరాబాద్ చుట్టుపక్కల ఆడవాళ్లకు కొదవ లేదు. అతను పోయింది కల్లు కంపౌండ్లకు. అక్కడ ఒంటరిగా కనిపించిన ఆడవాళ్లతో మాట కలపడం, డబ్బు ఆశ చూపడం, ఊరి బయటికి తీసుకెళ్లి తాగించడం, కట్టుకున్న చీరతోనే గొంతు బిగించడం. ఆపైన ఒంటి మీది నగలు తీసుకుని పోవడం. పగ తీర్చుకున్నవాడికి నగలెందుకు? అతని మీద అప్పటికే ఉన్న 21 కేసుల్లో హత్యలతో పాటు దొంగతనాలూ ఉన్నాయి. వెంట అన్నదమ్ములు వచ్చే ఆడదాని జోలికి, రాత్రి ఎనిమిది దాటితే ఇంట్లోవాళ్లు ఫోను చేసే ఆడదాని జోలికి అతను పోలేదు. కళ్లు మూసుకుపోయిన కోపానికి ఇంత ఏరుకునే తెలివి ఉండదు.

మన జిల్లాను చూసినా ఆ వాదన నిలవదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. దుబాయికో మస్కట్‌కో పోయి తిరిగి చూడని మగవాళ్ల భార్యలు ఎంతమంది బీడీలు చుట్టి పిల్లల్ని సాకలేదు? అత్తగారింట్లో చోటు లేక, తల్లిగారింట్లో మర్యాద లేక, రెండు గదుల కిరాయింట్లో బతుకుతున్నవాళ్లు ఎంతమంది లేరు? తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్ నుంచి ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టింది, తర్వాత 2,016 చేసింది. వదిలివేయబడటం ఎంత మామూలు విషయమో సర్కారుకే తెలుసన్నమాట. వీళ్లలో ఎవరూ మగవాళ్ల మీద పగ పట్టి గొంతులు పిసకలేదు. భార్యలు వెళ్లిపోయిన మగవాళ్లు కూడా కొందరు తాగుడులో పడ్డారు, కొందరు మళ్లీ పెళ్లి చేసుకున్నారు, ఎక్కువమంది తల వంచుకుని పనికి పోయారు. లక్షమందికి జరిగిన దాన్ని ఒక్కడి హత్యలకు కారణమంటే మిగతావాళ్ల సహనాన్ని అవమానించినట్టే.

పైగా ఆ కారణం ఎవరి నోటి నుంచి వచ్చింది? నిందితుడు పోలీసులకు చెప్పాడు, పోలీసులు విలేకరులకు చెప్పారు, విలేకరులు మనకు చెప్పారు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరాన్ని కోర్టులో నిందితుడి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. న్యాయమూర్తి ముందు చెల్లని మాట మన చాయ్ హోటళ్లలో తిరుగులేని సత్యమైపోయింది. ఏళ్ల తరబడి ఆడవాళ్లను మాటలతో నమ్మించిన మనిషి తన గురించి తాను చెప్పుకున్న కథను మాత్రం అక్షరాలా నమ్ముదామా?

రాములు చెప్పిన కథ పక్కన ఎరుకలి శ్రీను కథ పెట్టి చూడండి. 2019 డిసెంబరులో మహబూబ్‌నగర్ పోలీసులు అతన్ని పట్టుకున్నారు. సొంత తమ్ముణ్ని చంపిన కేసులో యావజ్జీవ శిక్ష పడినవాడు, సత్ప్రవర్తన పేరుతో ముందే బయటికొచ్చినవాడు. పదిహేనుకు పైగా ఆడవాళ్ల హత్యలు అతని మీద మోపారు. అతని విషయంలో భార్య వెళ్లిపోయిన కథ లేదు, నగలు, జల్సాలు అని చెప్పారు. కానీ పద్ధతి చూస్తే రాములుదే. కల్లు దుకాణం దగ్గర ఒంటరి ఆడమనిషి, మాయమాట, ఊరి చివర నిర్మానుష్య ప్రదేశం, చివరికి నగలు. ఇద్దరి మనసులూ వేరని చెబుతున్నారు, పని మాత్రం ఒక్కటే. మనసు వేరైనా పని ఒక్కటిగా ఉందంటే, కారణం వెతకాల్సింది ఆ ఇద్దరికీ ఉమ్మడిగా దొరికిన చోట.    

హాజీపూర్‌లో జరిగిందీ ఆలోచించాలి. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో ముగ్గురు ఆడపిల్లల్ని చంపి పాడుబడ్డ బావుల్లో పూడ్చిన మర్రి శ్రీనివాసరెడ్డికి 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. అందరూ సైకో అన్నారు. కావచ్చు. కానీ అప్పట్లో ఆ ఊరికి సరైన బస్సు లేదు. పిల్లలు బడి నుంచి వస్తూ మెయిన్ రోడ్డు మీద దిగి నడిచి రావాల్సి వచ్చేది, లేదంటే బండి మీద వచ్చే తెలిసిన మనిషిని లిఫ్ట్ అడగాల్సి వచ్చేది. మొదటి పాప 2015లో కనబడకుండా పోయింది. ఆ పాప ఏమైందో 2019లో మూడో పాప శవం దొరికాక గానీ బయటపడలేదు. ఆ నాలుగేళ్లకు హంతకుడి మనసు ఒక్కటే జవాబుదారీ కాదు.

మన కామారెడ్డిలోనే 2023 డిసెంబరులో సదాశివనగర్ మండలం భూంపల్లి శివారులో కాలిన యువతి మృతదేహం దొరికింది. దాని వెంట పోతే ఒకే కుటుంబంలో ఆరుగురి హత్యలు బయటపడ్డాయి. పోలీసులు చెప్పిన కారణం ఆస్తి, ఒక ఇల్లు. అయినా నిందితుణ్ని సైకో అనడం ఆగలేదు. ఆ మాటతో మనకు ఒక ఊరట దొరుకుతుంది. వాడు మనలాంటివాడు కాదు, వాడి తలలో ఏదో తేడా ఉంది, మన ఊరి ఆస్తి తగాదాలకూ వాడికీ సంబంధం లేదు అనుకోవచ్చు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962 వివాదాల వల్ల జరిగినవి. భూమి, డబ్బు, కుటుంబం, నీళ్ల గొడవలు. హత్యల్లో ఎక్కువ భాగం మనకు బాగా తెలిసిన కారణాలతోనే జరుగుతాయి. అందుకే ఒక ఇల్లు కోసం ఆరుగురిని ఒకరి తర్వాత ఒకరిని తీసుకెళ్తుంటే, మొదటివాళ్లు కనబడటం లేదని ఎవరూ స్టేషన్ మెట్లెక్కకపోవడమే నాకు ఎక్కువ భయం కలిగించింది.

మనస్తత్వ శాస్త్రం పనికిరాదని నేననడం లేదు. దానికి చోటు ఉంది. మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో 2022 మే 20న సుప్రీంకోర్టు, ఉరిశిక్ష వేసే ముందు ఖైదీ మానసిక స్థితి మీద, జైల్లో అతని నడవడి మీద నివేదికలు తెప్పించుకోవాలని చెప్పింది. అది ఓపికగా, నెలల తరబడి, ఖైదీతో కూర్చుని చేసే పని. విడుదల చేసే ముందు కూడా ఆ పని జరగాలి. రాములు విషయంలో అది అసలు అవసరమైన సమయాలు గడిచిపోయాయి. 2009లో నార్సింగి, కూకట్‌పల్లి హత్యల కేసుల్లో పట్టుబడ్డాడు. 2011 ఫిబ్రవరిలో రంగారెడ్డి కోర్టు యావజ్జీవం వేసింది. అదే ఏడాది డిసెంబరులో, మతి చెడినట్టు నటించి ఎర్రగడ్డకు చేరినవాడు మరికొందరితో కలిసి తప్పించుకున్నాడని పోలీసులు చెప్పారు. 2013లో మళ్లీ దొరికేలోపు బోయినపల్లి, చందానగర్, దుండిగల్ ప్రాంతాల్లో ఐదుగురిని చంపాడన్నారు. 2018లో హైకోర్టుకు వెళ్లి బయటికొచ్చాడు. మళ్లీ రెండు హత్య కేసుల్లో అరెస్టయి 2020 జూలైలో విడుదలయ్యాడు. డిసెంబరులో మరో ఇద్దరు పోయారు. ఇన్ని తలుపులు ఎలా తెరుచుకున్నాయని అడగాల్సిన మనం, వాడి సంసారం ఎలా చెడిందని అడిగాం.

పట్టుబడిన తీరు కూడా అదే చెబుతుంది. 2020 డిసెంబరు చివర్లో ఒక మహిళ కల్లు కంపౌండ్ నుంచి తిరిగి రాలేదు. ఆమె భర్త జనవరి మొదట్లోనే ఫిర్యాదు ఇచ్చాడు. కొద్ది రోజులకు ఘట్‌కేసర్ వైపు మృతదేహం దొరికింది, సీసీ కెమెరాలు వెతికారు, మనిషి చిక్కాడు. ఒక మనిషి వెంటనే అడిగినందుకు దొరికాడు. అంతకుముందు చాలామంది కోసం ఎవరూ అంత వెంటనే అడగలేదు, అడిగినా వినలేదు. వాళ్లు పత్రికల్లో 'గుర్తు తెలియని మహిళ మృతదేహం' అనే నాలుగు లైన్ల వార్తగా మిగిలారు. ఒక స్టేషన్ పరిధిలో మాట కలిపి ఇంకో కమిషనరేట్ పరిధిలో చంపేవాడికి ఆ నాలుగు లైన్లే రక్షణ. రాములు బాలానగర్ కల్లు కంపౌండ్ దగ్గర కలిసిన మహిళ శవం సిద్దిపేట జిల్లా ములుగు వైపు దొరికింది.

కెనడాలో రాబర్ట్ పిక్టన్ వాంకూవర్ డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ నుంచి ఆడవాళ్లను తన పందుల ఫారానికి తీసుకెళ్లి చంపాడు. వాళ్లలో ఎక్కువమంది పేదలు, మత్తుకు అలవాటు పడ్డవాళ్లు, ఆదివాసీలు. 2007లో శిక్ష పడింది. కానీ అక్కడితో ఊరుకోలేదు. వాలీ ఒప్పల్ అధ్యక్షతన విచారణ కమిషన్ వేశారు, 2012లో నివేదిక వచ్చింది. వాళ్లు అడిగిన ప్రశ్న పిక్టన్ ఎందుకు చంపాడన్నది కాదు. ఇంతమంది కనబడకుండా పోతుంటే పోలీసులు ఎందుకు కదల్లేదన్నది. పోలీసుల్లో పాతుకుపోయిన చిన్నచూపే కారణమని చెప్పారు. మన దగ్గర 18 మంది పోయాక అలాంటి ప్రశ్న ఒక్కటి అసెంబ్లీలోనైనా గట్టిగా వినిపించాల్సింది.

మన చిన్నచూపు ఎలాంటిదో మనకు తెలుసు. కల్లు తాగే ఆడదానికి అంతే అంటాం. కల్లు మన ప్రాంతంలో కూలి చేసుకునే ఆడవాళ్లకు కొత్త కాదు. నాట్లు వేసి, కలుపు తీసి వచ్చి ఒక సీసా తాగడం తరాలుగా ఉంది. మారింది సీసాలోని కల్లు. డైజోఫాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లును కట్టడి చేస్తే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకులతో, పిచ్చిచేష్టలతో ఆసుపత్రులకు చేరారు. 2025 ఏప్రిల్‌లో మన నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో బాన్సువాడ ఆసుపత్రి పాలయ్యారు. ఒంటి మీద తెలివి లేకుండా చేసే సరుకు అమ్మే చోట, ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు కూర్చునే చోట, రాములుకు గానీ శ్రీనుకు గానీ ఏ మనస్తత్వ రహస్యమూ అక్కర్లేదు. వాళ్లకు కావలసింది అక్కడ సిద్ధంగా ఉంది.

కాబట్టి మన ఎస్పీని, మన ఎమ్మెల్యేలను అడగాల్సినవి ఇవి. కామారెడ్డి జిల్లాకు మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట, సిరిసిల్ల, నిజామాబాద్ సరిహద్దులున్నాయి, మద్నూరు అవతల మహారాష్ట్ర, జుక్కల్ అవతల కర్ణాటక ఉన్నాయి. గుర్తు తెలియని ఆడవాళ్ల మృతదేహాల వివరాలు, కనబడకుండా పోయిన ఆడవాళ్ల ఫిర్యాదులు ఈ హద్దులన్నీ దాటి వారం వారం ఒకచోట పోల్చి చూస్తున్నారా? కల్లు డిపోల్లో కెమెరా గల్లాపెట్టె వైపు కాకుండా దారి వైపు చూస్తోందా? యావజ్జీవ ఖైదీ బయటికొచ్చినప్పుడు ఎక్కడ ఉంటున్నాడో ఆ ఊరి స్టేషన్‌కు తెలుస్తోందా? ఒంటరి మహిళల భృతి జాబితాలో ఉన్న మనిషి రెండు నెలలు డబ్బు తీసుకోకపోతే పేరు కొట్టేస్తున్నారా, లేక ఆమె ఇంటికి వెళ్లి చూస్తున్నారా?