సెలైన్ తర్వాత, ముందు ఈసీజీ

గుండె దడ వచ్చిందంటే మా నర్మెట్టలో ఇప్పటికీ ముందు అడిగేది సెలైన్ సీసానే. "జర నీరసమున్నది, ఒక బాటిల్ పెట్టున్రి సార్" అంటే ఆర్‌ఎంపీ పెడతాడు. సగం సీసా ఎక్కేసరికి దడ ఆగిపోతుంది. పేరు సెలైన్‌కు వస్తుంది. సూది గుచ్చకపోయినా అది ఆ టైంకు ఆగేదేనని చెబితే నమ్మేవాళ్లు తక్కువ. సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన దాన్ని కాబట్టి నా మాట కొందరు వింటారు. విననివాళ్ల కోసం ఇది రాస్తున్నా.

మా వాడకట్టులో ఒక చెల్లె ఉంది. ముప్పై దాటిన మనిషి, సొంత చేన్లో పత్తి ఏరుకుంటుంది. వంగి లేస్తుంటే ఉన్నట్టుండి గుండె పరుగందుకునేది. "స్విచ్ వేసినట్టే అక్కా, మళ్ల స్విచ్ బంద్ చేసినట్టే ఆగుతది" అనేది. మెడ దగ్గర కొట్టుకోవడం పక్కసాలు కూలీలకు కూడా కనబడేదట. దడ తగ్గినాక మూత్రం ఎక్కువగా వచ్చేది. ఇంట్లో దిష్టి తీశారు, తాయత్తు కట్టించారు, గ్యాస్ గోలీలు మింగించారు. చివరికి జనగామ తీసుకుపోతే ఈసీజీ బాగానే ఉంది. "టెన్షన్ పెట్టుకోకమ్మా" అని పంపేశారు.

ఈసీజీ బాగుండటంలో వింతేమీ లేదు. ఊరి నుంచి జనగామ సుమారు 20 కిలోమీటర్లు. ఆటో దొరికి, ఓపీ చీటీ రాయించి, బల్ల మీద పడుకునేసరికి గుండె తన దారికి తాను వచ్చేసింది. దొంగ పోయాక తీసిన ఫొటో అది. అందులో దొంగ ఎట్లా కనబడతాడు?

ఆ చెల్లె చెప్పిన గుర్తులన్నీ ఎస్‌వీటీ అనే జబ్బువి. గుండె పైగదుల నుంచి కిందికి కరెంటు పోయే దారిలో కొందరికి పుట్టుకతోనే ఒక అదనపు దారి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి ఆ కరెంటు రెండు దారుల మధ్య గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవలసిన గుండె 150, 180, ఒక్కోసారి 220 దాకా పోతుంది. ఇందులో ఎక్కువగా కనిపించే రకం ఆడవాళ్లలోనే ఎక్కువ. భయపడితే వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఇది ఒక్క దెబ్బలో మొదలై ఒక్క దెబ్బలో ఆగుతుంది. దవాఖానాకు పోయినప్పుడు ముందు ఈ తేడానే చెప్పాలి.

ఆడమనిషి దడ అంటే టెన్షన్ అనేయడం ఒక్క మన దగ్గరి అలవాటే అనుకుంటే పొరపాటు. అమెరికాలో 1997లో అచ్చైన ఒక అధ్యయనంలో ఎస్‌వీటీ ఉన్న 107 మందిని పరిశీలిస్తే, సగం మందికి పైగా మొదటిసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు జబ్బు దొరకనేలేదు. అట్లా జబ్బు దొరకనివాళ్లలో ఆడవాళ్లైతే 65 శాతం మందికి, మగవాళ్లైతే 32 శాతం మందికి అది మనసు ఆందోళన అని చెప్పి పంపారు. అంత పెద్ద దేశంలోనే ఆ సంగతి అయితే, పత్తి చేను నుంచి వచ్చిన మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు?

అందుకే దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించండి. సెలైన్ తర్వాత. ఎంత దగ్గర్లో మిషన్ ఉంటే అంత దగ్గరికి పోండి. ఆ పట్టీ కాగితం చేతికొస్తే సగం వైద్యం అయినట్టే. దాన్ని జిరాక్స్ తీయించి పెట్టుకోండి, ఎందుకంటే ఆ కాగితం మీది గీతలు కొన్నాళ్లకు మాసిపోతాయి. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ ఎక్కడో డబ్బాలో పడి ఉంటుంది, దాన్ని బయటికి తీయండి. అందులో రెండో అంకె గుండె వేగం. దడ వచ్చినప్పుడు వేలికి పెట్టి ఫోన్‌లో వీడియో తీస్తే, ఈసీజీ అంత కాకపోయినా డాక్టరు అనుమానించడానికి అది చాలు.

ఇక ఆగకుండా పరుగెత్తాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, చల్లని చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. బండి మీద ఒక్కరే పోవద్దు, దారిలో స్పృహ తప్పితే గుండె కన్నా ముందు బండి చంపుతుంది. గర్భిణి అయినా, ఇదివరకే గుండె జబ్బు ఉన్నా ఇంట్లో కూర్చుని చూడొద్దు. పరుగెత్తుతూనో, ఆడుతూనో కుప్పకూలిన పిల్లవాడిని నీళ్లు చల్లి లేపి మళ్లీ ఆటకు పంపొద్దు. చిన్న వయసులోనే హఠాత్తుగా పోయినవాళ్లు వంశంలో ఉంటే ఆ ముక్క డాక్టరుకు అడగకుండానే చెప్పాలి. పై గుర్తులేవీ లేకపోయినా, విశ్రాంతిగా పడుకున్నాక కూడా కొన్ని నిమిషాల్లో తగ్గని దడకు దవాఖానా తప్పదు.

ముసలివాళ్ల సంగతి ఇంకొకటి. వాళ్ల నాడి వేగంగా ఉండటమే కాదు, ఒక లెక్క లేకుండా కొట్టుకుంటుంటే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. పక్షవాతం వచ్చాక కారణం వెతకడం కన్నా ముందు నాడి పట్టి చూడటం మేలు. అట్లని ప్రతి దడా కరెంటు దారి తప్పడం కాదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, ఎండలో నీళ్లు లేక ఒళ్లు ఎండినా గుండె ఉరుకుతుంది. మందు కలిపిన కల్లుకు అలవాటు పడి ఒక్కసారి మానేసినవాళ్లకు కూడా చేతుల వణుకుతో పాటు దడ వస్తుంది. ఆ మాట డాక్టరు దగ్గర దాచొద్దు, అక్కడ సిగ్గుకు చోటు లేదు.

మెడికల్ షాపులో "దడ గోలీ" అడిగి కొనకండి. దడకు వాడే కొన్ని గోలీలు ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి అందకుండా చేస్తాయి. మెడ నరాలు నొక్కడం, కళ్ల మీద ఒత్తడం అసలే వద్దు. ఎస్‌వీటీ అని తేలినవాళ్లకు డాక్టర్లు నేర్పే ఉపాయం ఒకటుంది. 10 ఎంఎల్ సిరంజిలోకి లోపలి పిడి కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊది, వెంటనే వెల్లకిలా పడుకుంటే పక్కవాళ్లు కాళ్లు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఇంగ్లండులో 428 మందికి పరీక్షించి చూస్తే, ఇట్లా చేసినవాళ్లలో 43 శాతం మందికి దడ ఆగింది. కాళ్లెత్తని పాత పద్ధతిలో 17 శాతం మందికే ఆగింది. పైసా ఖర్చు లేదు.

అది పనిచేయకపోతే దవాఖానాలో అడినోసిన్ ఇంజక్షన్ ఇస్తారు. ముందు 6 మిల్లీగ్రాములు, ఆగకపోతే 12. కొన్ని సెకన్లు ప్రాణం జారిపోతున్నట్టు ఉంటుంది, ఆ సంగతి పేషెంటుకు ముందే చెప్పని నర్సును నేను నర్సనను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి, ఒంట్లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొన్నది 1929లో. ఆ ఏటీపీలోని మొదటి ముక్క ఈ అడినోసినే. అది గుండె వేగాన్ని తగ్గిస్తుందని ఇంగ్లండులో డ్రూరీ, సెంట్ జార్జి రాసింది కూడా అదే ఏడు.

మా చెల్లెకు ఒకసారి దడ ఆగకముందే పట్టీ దొరికింది, వేగం 190 దాటింది. తర్వాత హైదరాబాద్‌లో తొడ దగ్గరి నరం నుంచి సన్నని తీగ పంపి ఆ అదనపు దారిని వేడితో మూసేశారు. దీన్ని అబ్లేషన్ అంటారు, ఈ జబ్బుకు నూటికి 90 మందికి పైగా పనిచేస్తుంది. ఖర్చుకు భయపడి ఆగకుండా, ఆరోగ్యశ్రీలో వస్తుందా లేదా అని దవాఖానాలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. ఆమె ఇప్పుడు పత్తి ఏరుతుంది, తాయత్తు కూడా ఉంచుకుంది. అది ఆమె ఇష్టం.

జనగామ 2016లో జిల్లా అయింది, 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషమే. కానీ ఇట్లాంటి దడకు కాలేజీ కన్నా ముందు కావలసింది ఊరి దగ్గర పనిచేసే ఈసీజీ మిషన్, అందులో కాగితం, రాత్రిపూట కూడా దాన్ని తీయడం వచ్చిన ఒక మనిషి. పట్టీని ఫోన్‌లో జనగామ డాక్టరుకు పంపితే చూసి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? దడ ఓపీ టైం చూసుకుని రాదు. జిల్లాలో ప్రతి పీహెచ్‌సీలో ఇరవై నాలుగు గంటలూ ఈసీజీ తీసే ఏర్పాటు చేయాలని కలెక్టర్ గారిని, వైద్యశాఖను అడుగుతున్నాను.